"సెప్తే ఏటవుద్ది బాబూ" అనే స్టాఫ్‌లో కదలిక రావాలంటే ఓనర్లు, ఇన్‌ఛార్జులు ఏం చెయ్యాలి

ఒరిస్సా బోర్డర్‌లో బరంపురం, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు షాపులు, మిల్లులు, నర్సింగ్ హోములు, ప్రైవేటు కాలేజీ ఆఫీసులు నడిపేవాళ్ళు నలుగురు కలిస్తే ఒకటే గోల. స్టాఫ్ దొరకట్లేదు, దొరికినోళ్ళు పని చెయ్యట్లేదు, చెప్పింది చేస్తారు తప్ప ఒక్క అడుగు ముందుకెయ్యరు అని. నాన్నగారి దగ్గర్నుంచి ఈమధ్యే గల్లాపెట్టె తాళాలు చేతికొచ్చిన చిన్నబాబుల కోసం, కొత్తగా సూపర్‌వైజర్లో ఇన్‌ఛార్జులో అయినవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. ఎంబీఏ చదివొచ్చినవాళ్ళు కూడా చదవొచ్చు, కాకపోతే ఆ పీపీటీ కాసేపు పక్కన పెట్టండి.

ముందు ఒకటి తేల్చుకుందాం, మన కుర్రాళ్ళు బద్ధకస్తులేం కాదు. బరంపురంలో ఠాకురాణీ యాత్ర వచ్చిందంటే అదే గుంటడు తెల్లార్లూ నిలబడి లైటింగ్ చూస్తాడు, చందాల లెక్క రూపాయి తేడా రాకుండా రాస్తాడు, జనరేటర్ ఆగిపోతే ఎవరూ చెప్పకుండానే మెకానిక్ ఇంటికి బండేసుకుని పోతాడు. మీ గోడౌన్‌లో మాత్రం పైకప్పు కారి బేళ్ళు తడుస్తున్నా చూసి ఊరుకుంటాడు. గంజాం జిల్లా నుంచి సూరత్ వెళ్ళి మగ్గాల దగ్గర 12 గంటల డ్యూటీలు చేసేది కూడా వీళ్ళ అన్నదమ్ములే కదా. మరి మన దగ్గరకొచ్చేసరికి ఏమైంది?

మెల్లగా పక్కకి తీసుకెళ్ళి టీ తాగించి అడిగితే వచ్చే జవాబు "సెప్తే ఏటవుద్ది బాబూ" అని. అంటే ఇదివరకు ఎప్పుడో చెప్పాడన్నమాట. చెప్పినప్పుడు మూడింట్లో ఏదో ఒకటి జరిగుంటుంది, "నీకెందుకు, నీ పని నువ్వు చూస్కో" అని తిట్టుంటారు, లేదా "అలాగా, అయితే నువ్వే చూసెయ్" అని ఆ పని కూడా వాడి నెత్తినే పెట్టుంటారు, అదీ కాకపోతే ఊఁ అని ఊరుకుని మర్చిపోయుంటారు. రెండు మూడుసార్లు ఇలా అయ్యాక ఎవడైనా నోరు మూసుకోవడమే తెలివైన పని అనుకుంటాడు, నేనైనా అంతే మీరైనా అంతే. కాబట్టి నోరు మూసుకోవడం వాళ్ళకి మనమే నేర్పాం, నేర్పినవాళ్ళే మాన్పించాలి, స్టాఫ్‌కి మోటివేషన్ క్లాసు పెట్టించి చేతులు దులుపుకుంటే అయ్యేది కాదు. గాలప్ అని అమెరికా సంస్థ ఒకటి ప్రపంచమంతా ఏటా సర్వే చేస్తుంది, 2024లో మనసు పెట్టి పని చేస్తున్నవాళ్ళు 21 శాతమే అని తేల్చింది, ఒక టీముకీ ఇంకో టీముకీ మధ్య కనిపించే తేడాలో 70 శాతం దాకా మేనేజర్ వల్లే అని కూడా వాళ్ళే చెప్తారు. అంటే ఈ జబ్బు మన ఒరిస్సా బోర్డర్‌లోనే ఉందనుకోకండి.

పాత పద్ధతి అసలు ఎందుకు పనిచేసింది, ఇప్పుడెందుకు చెయ్యట్లేదు అన్నది కూడా అర్థం కావాలి, లేకపోతే నాన్నగారితో రోజూ గొడవే. ఫ్రెడరిక్ టేలర్ అనే అమెరికా ఇంజనీరు 1911లో చెప్పిన లెక్క ఏంటంటే ఆలోచించేది పైవాడు, చేసేది కిందవాడు, స్టాప్‌వాచ్ పెట్టి కదలిక కదలికా కొలవాలి అని. మన సావుకార్లు స్టాప్‌వాచ్ పెట్టలేదు గానీ మిగతాదంతా అదే. తాళాలు మొలకి, లెక్క తలలో, అడ్వాన్స్ ఇచ్చి కట్టిపడెయ్యడం, తప్పు చేస్తే పదిమందిలో అరవడం. అప్పట్లో అది నడిచింది, ఎందుకంటే కొనేవాళ్ళంతా తెలిసినవాళ్ళే, సరుకు రకాలు తక్కువ, పనివాడికి వేరే దారి లేదు. ఇప్పుడు కౌంటర్ దగ్గర నిలబడ్డ కస్టమర్ చేతిలో ఫోన్ పెట్టుకుని ఆన్‌లైన్ రేటు చూపిస్తాడు, యూపీఐలో డబ్బు కట్ అయ్యింది గానీ మన సౌండ్‌బాక్స్ మోగదు, జీఎస్టీ బిల్లులో నంబర్ తప్పు పడుతుంది, ఇలాంటివి రోజుకి బోలెడు వస్తుంటాయి, ప్రతిదానికీ సావుకారు దాకా పరిగెడితే ఈలోపు కస్టమర్ పక్క షాపులో కూర్చుంటాడు. పాత పద్ధతి మొరటుగా ఉందని కాదు నా బాధ, ఒక్క మనిషి తలకాయ ఇప్పుడు ఇంత పనికి సరిపోదు, అంతే.

సరే ఏం చెయ్యాలో చూద్దాం.

మొదటి రెండు వారాలు ఏమీ మార్చకండి. కొత్తగా సీట్లో కూర్చున్నవాడికి చెయ్యి దురద పెడుతుంది, రంగులు మార్చేద్దాం, యూనిఫాం పెట్టేద్దాం అని, ఆపుకోండి. కేబిన్‌లోంచి బయటకొచ్చి పని జరిగే చోట ఒక స్టూలు వేసుకుని కూర్చోండి, మీ దగ్గరకొచ్చి అడిగే ప్రతి ప్రశ్నా ఒక నోటుబుక్కులో రాసుకోండి. "బాబూ ఈ చీర మార్చమంటన్నారు, మార్చీమంటారా", "బాబూ సుతిలి తాడు అయిపోనాది", "డాక్టరు గారు లేట్ అంటన్నారు, పేషంట్లకి ఏటి సెప్పమంటారు". రెండు వారాలయ్యాక చూస్తే సగానికి సగం ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వచ్చినవే ఉంటాయి, మీరిచ్చిన జవాబు కూడా ప్రతిసారీ ఒకటే అయ్యుంటుంది. జవాబు ఎప్పుడూ ఒకటే అయినప్పుడు మధ్యలో మీరెందుకు? ఆ నిర్ణయాలన్నీ వాళ్ళకి వదిలెయ్యాల్సినవి. బిల్లుంటే, మడత విప్పకపోతే, వారంలోపు అయితే చీర మార్చెయ్యొచ్చు అని ఒక కాగితం మీద రాసి కౌంటర్ లోపలివైపు అంటించండి, ఆ ప్రశ్న ఇంక రాదు.

తర్వాత అడగడం. ఇక్కడే చాలామంది ఫెయిలవుతారు. అందర్నీ నిలబెట్టి "ఏమైనా ప్రాబ్లమ్స్ ఉన్నాయా" అంటే "ఏం లేవు బాబూ, అంతా బాగానే ఉంది" అనే వస్తుంది, ఒడియా కుర్రాళ్ళైతే "నాహిఁ ఆజ్ఞా" అని తల ఊపేస్తారు. అలా కాకుండా చిన్న ప్రశ్న, నిన్నటి గురించి, వాళ్ళ పని దగ్గరే నిలబడి, ఒక్కొక్కళ్ళని విడివిడిగా అడగండి. నిన్న పని ఎక్కడ ఆగింది? ఏ వస్తువు కోసం ఎక్కువసేపు వెతికావు? ఏ కస్టమర్ తిట్టాడు, ఎందుకు తిట్టాడు? ఇంకో ప్రశ్న నాకు బాగా పనికొచ్చింది, "ఈ షాపు నీదైతే రేపు పొద్దున్న మొదట ఏది మారుస్తావు" అని. మొదట నవ్వుతారు. తర్వాత రోజు వాళ్ళే వచ్చి చెప్తారు, చాలావరకు చిన్నవే చెప్తారు, ట్రాలీ చక్రం ఇరుక్కుపోతోంది, ఆడవాళ్ళ టాయిలెట్‌కి గడియ లేదు, తాగేనీళ్ళ కుండ ఎండలో ఉంది, పైఅర నుంచి సరుకు దించడానికి నిచ్చెన ఒక్కటే ఉంది దానికోసం కొట్టుకుంటన్నాం, ఇలాంటివి.

అందులో ఒకటి తీసుకుని వారం తిరక్కుండా బాగుచేసెయ్యండి. పెద్దది వద్దు, చిన్నదే, అందరికీ కనిపించేది. గడియ అయితే గడియే. ఎండిపోయిన బోరింగు కొట్టేముందు పైన చెంబుడు నీళ్ళు పొయ్యాలి కదా, ఇదీ అంతే, మొదటి చెంబు మనదే. మాట చెప్తే పని జరుగుతుంది అని ఒక్కసారి కళ్ళారా చూశాక రెండోవాడు నోరు విప్పుతాడు.

దీనికి ఒక రిజిస్టర్ పెట్టండి, ఫ్యాన్సీ యాప్ ఏమీ అక్కర్లేదు, గోడకి దారంతో వేలాడదీసిన వంద పేజీల నోటుబుక్ చాలు. మూడు గళ్ళు, ఏం చెప్పారు, ఏం చేశాం, ఎప్పుడు చేశాం. చెయ్యలేనివి కూడా రాయాలి, ఎందుకు చెయ్యలేమో కూడా రాయాలి. గోడౌన్‌లో ఏసీ కావాలన్నారనుకోండి, "కరెంటు లోడ్ సరిపోదు, ఈ వేసవికి రెండు పెద్ద ఫ్యాన్లు వేస్తాం, మార్చి 15 లోపు" అని రాయండి. కాదన్నందుకు ఎవరూ బాధపడరు, జవాబే రాకపోతేనే మండుద్ది. పేరు రాయాలా వద్దా అన్నది చెప్పినవాళ్ళ ఇష్టానికి వదిలెయ్యండి, కొందరికి తన పేరు కనిపిస్తే గర్వం, కొందరికి భయం.

అడక్కుండా మంచి చేసినా కూడా ఏం జరుగుద్దో చెప్తాను. జీడిపప్పు యూనిట్లు మీకు తెలుసు, పలాస వైపు నుంచి మన గంజాం, గజపతి దాకా ఉన్నాయి. జీడిగింజ పెంకులో ఉండే నూనె తగిలితే చేతులు బొబ్బలెక్కుతాయి. ఒక యూనిట్‌లో ఓనర్ మంచి మనసుతోనే గ్లౌజులు డజన్లకొద్దీ కొనిచ్చాడు, నెల తిరిగేసరికి అన్నీ మేకుకి వేలాడుతున్నాయి, చేతులు మళ్ళీ అలాగే నల్లగా ఉన్నాయి. "వీళ్ళకి ఏం చేసినా ఇంతే సార్" అన్నాడు. ఆడవాళ్ళని అడిగితే తెలిసింది, గ్లౌజులు మగవాళ్ళ సైజు, దళసరి, వేసుకుంటే గింజ పట్టు దొరకదు, వాళ్ళకి కూలి ఏమో తూకం మీద, పప్పు విరిగితే కోత. గ్లౌజు వేసుకుంటే సాయంత్రానికి కూలి తగ్గిపోతుంది, ఎవరు వేసుకుంటారు? కొనేముందు ఇద్దరిని తీసుకెళ్ళి నాలుగు రకాలు చూపించుంటే సరిపోయేది. ఇదే కథ సాఫ్ట్‌వేర్ కొన్నప్పుడు, కొత్త బిల్లింగ్ కౌంటర్ కట్టినప్పుడు, హాస్పిటల్ రిసెప్షన్ మార్చినప్పుడు అన్నిచోట్లా జరుగుతుంది. వాడేవాళ్ళు ఒప్పుకోకుండా ఏదీ కొనకండి.

ఆ తర్వాత అసలు కష్టమైనది, డబ్బు ఖర్చుపెట్టే అధికారం ఇవ్వడం. మన వైపు సావుకార్లకి ఇది చెప్తే గుండె ఆగినంత పనవుతుంది. చిన్నగానే మొదలెట్టండి, ఫ్లోర్‌లో పనిచేసే ఎవరైనా 200 రూపాయల దాకా, ఇన్‌ఛార్జ్ అయితే 1000 దాకా, పని ఆగకుండా ఉండడానికి అడక్కుండా ఖర్చుపెట్టొచ్చు, బిల్లు తెచ్చి కవర్లో వేస్తే చాలు (ఈ అంకెలు నా లెక్క, మీ వ్యాపారాన్ని బట్టి మార్చుకోండి). బల్బు, తాడు, ఆటో కిరాయి, కస్టమర్ చిన్నపిల్లకి బిస్కెట్ ప్యాకెట్, ఏదైనా. టొయోటా ఫ్యాక్టరీల్లో లైన్‌లో నిలబడ్డ మామూలు వర్కర్ కూడా తేడా కనిపిస్తే ఒక తాడు లాగుతాడు, టీమ్ లీడర్ పరిగెత్తుకొస్తాడు, అప్పటికప్పుడు సర్దుబాటు కాకపోతే లైన్ ఆగిపోతుంది, ఎందుకాపావు అని ఎవరూ తిట్టరు. అంత పెద్ద కంపెనీ లైన్ ఆపే అధికారమే ఇచ్చినప్పుడు మనం 200 ఇవ్వలేమా? ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మొదటిసారి ఎవడో అనవసరంగా 150 ఖర్చుపెడతాడు, ఖాయంగా పెడతాడు, ఆరోజు అందరూ మీ మొహమే చూస్తుంటారు. ఆరోజు అరిచారా, కథ కంచికే. పక్కకి పిలిచి "ఈసారి ఇలా చెయ్యి" అని చెప్పి బిల్లు పాస్ చేసెయ్యండి. ఇది మీరు 150కి కొంటున్న నమ్మకం, చవకే.

రోజూ షట్టర్ ఎత్తేముందో, షిఫ్ట్ మారేటప్పుడో పది నిమిషాలు నిలబడి మాట్లాడుకోండి. కుర్చీలు వేశారంటే గంట అవుతుంది. నిన్న ఏం ఇరుక్కుంది, ఇవాళ ఏం ప్రత్యేకం, ఎవరికి సాయం కావాలి, అంతే. మీరు చివర్లో మాట్లాడండి, మొదట మీరు మాట్లాడితే మిగతావాళ్ళంతా దానికే తలూపుతారు.

ఇక్కడ మన ఏరియాకి మాత్రమే ఉన్న తిరకాసు ఒకటుంది, భాష. ఓనరూ గుమాస్తా తెలుగులో మాట్లాడుకుంటారు, సేల్స్‌లో సగంమంది ఒడియా, గుణుపురం వైపైతే హమాలీల్లో సవరలు, రాయగడ దగ్గర కుయి మాట్లాడేవాళ్ళు. తెలుగు రానివాడు మీటింగ్‌లో స్తంభంలా నిలబడి ఉంటే మనం "వీడికి ఇంట్రెస్ట్ లేదు" అని రాసేస్తాం! అందుకని మీటింగ్ ఒడియాలో పెట్టండి, మధ్యలో తెలుగు కలిపినా పర్లేదు, మాట్లాడేవాడు మాత్రం తనకొచ్చిన భాషలో మాట్లాడొచ్చు, ఇంకొకరు అందరికీ చెప్తారు. ఇంకోటి, ఇక్కడి తెలుగు పిల్లల్లో చాలామంది ఒడియా మీడియంలో చదివారు, ఇంట్లో తెలుగే గానీ తెలుగు అక్షరాలు రావు, కాబట్టి వాట్సాప్ గ్రూపులో తెలుగులో పేరాలు పేరాలు టైప్ చేసి "చదవలేదా" అని తిట్టకండి. వాయిస్ మెసేజ్ పెట్టండి, అందరూ వింటారు. మిషన్ దగ్గర అంటించే సేఫ్టీ బోర్డులు అయితే ఎవరికి ఏ అక్షరం వస్తుందో అడిగి ఆ అక్షరాల్లోనే రాయించండి, బొమ్మ తప్పకుండా వెయ్యండి.

సెలవుల సంగతి కూడా ఇలాగే. మనకి రెండు క్యాలెండర్లు. సంక్రాంతి, ఉగాది తెలుగువాళ్ళవి, జూన్ మధ్యలో మూడ్రోజుల రజో పండగ, కుమార పున్నమి ఒడియా వాళ్ళవి, రాయగడలో చైత్రమాసంలో మజ్జిగౌరమ్మ చైతీ, దసరా అందరిదీ. ప్రతి పండక్కీ "ఎవడికీ లీవుల్లేవు" అని బోర్డు పెట్టడం, పొద్దున్నే పదిమందికి ఒకేసారి జ్వరం రావడం, ఈ నాటకం ఎన్నేళ్ళు ఆడతారు? రెండు నెలల ముందే ఖాళీ క్యాలెండర్ గోడకి పెట్టి, ఏ రోజుకి కనీసం ఎంతమంది ఉండాలో మీరు రాసి, పేర్లు మాత్రం వాళ్ళనే రాసుకోమనండి. రజోకి తెలుగువాడు నిలబడతాడు, సంక్రాంతికి ఒడియా తమ్ముడు నిలబడతాడు, వాళ్ళలో వాళ్ళే సర్దుకుంటారు. రజోకి ముఖ్యంగా ఆడపిల్లలకి సెలవు ఇవ్వాలి, అది వాళ్ళ పండగ, ఆ మూడ్రోజులూ ఊయలలూ పిండివంటలూ వదిలేసి వచ్చి మీ కౌంటర్ దగ్గర ఏడుపుమొహంతో నిలబడితే మీకు ఒరిగేదేంటి.

డబ్బుల విషయం ఇంత ఆలస్యంగా ఎత్తుతున్నానని అనుకోకండి, జీతం టైముకి ఇవ్వనివాడు పైవేవీ మొదలెట్టకపోవడమే మంచిది, జోకులా ఉంటుంది. హెర్జ్‌బర్గ్ అనే అమెరికా సైకాలజిస్టు 1959లోనే చెప్పాడు, జీతం, పని చేసే చోటు, రూల్సు ఇవి సరిగ్గా లేకపోతే మనిషికి కడుపుమంట, కానీ ఇవి ఉన్నంత మాత్రాన హుషారు రాదు, హుషారు వచ్చేది పనిలో గుర్తింపు నుంచి, బాధ్యత నుంచి, ఎదుగుదల నుంచి అని. అంటే రెండూ కావాలి, జీతం నేల, మిగతాదంతా దాని పైన. 2025 నవంబర్ 21 నుంచి దేశంలో నాలుగు కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి, అందరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి, నెలజీతం తర్వాతి నెల 7వ తేదీ లోపు పడాలి, ఓటీ చేయిస్తే రెట్టింపు రేటు కట్టాలి, ఎవరైనా మానేస్తే రెండు వర్కింగ్ డేస్‌లో జీతం సెటిల్ చెయ్యాలి. పదిమంది, అంతకంటే ఎక్కువమంది ఉన్నచోట 21,000 లోపు జీతం వాళ్ళకి ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) ఉండాలి, దానికి జీతంలో మనం 3.25 శాతం, వాళ్ళు 0.75 శాతం కట్టాలి. చాలామంది దీన్ని దండగ ఖర్చు అనుకుంటారు గానీ ఇంట్లో ఒకళ్ళు ఆసుపత్రిలో పడ్డప్పుడు ఆ ఈఎస్ఐ కార్డు చేసే పని వంద మోటివేషన్ స్పీచులు చెయ్యవు. జీతం స్లిప్పు ఇవ్వండి, చిన్న ముక్క అయినా సరే, అడ్వాన్స్ ఎంత కోశారో అందులో కనపడాలి. అడ్వాన్స్ లెక్క ఓనర్ డైరీలో మాత్రమే ఉంటే ఆ డైరీ మీద ఎవరికీ నమ్మకం ఉండదు, లెక్క కరెక్టే అయినా సరే.

ఇక నాన్నగారు, పాత గుమాస్తా గారు. చిన్నబాబులంతా ఇక్కడే తలకాయ గోడకేసి కొట్టుకుంటారు. గుమాస్తా గారు 30 ఏళ్ళుగా ఉన్నారు, టాలీ వద్దంటారు, బార్‌కోడ్ వద్దంటారు, మీరేమో ఆయన్ని పాతకాలం మనిషి అని తీసిపారేస్తారు. ఆయన వద్దనేది కంప్యూటర్ని కాదు, అది వచ్చాక తన విలువ ఏంటన్నదే ఆయన భయం. ఏ ఊరి పార్టీ అప్పు తీరుస్తాడు, ఎవడు దసరా తర్వాత ఫోన్ ఎత్తడు, ఏ సరుకు ఏ నెలలో కదులుద్ది, ఇది ఏ సాఫ్ట్‌వేర్లోనూ లేదు, ఆయన తలలోనే ఉంది. ఆయన పక్కన ఒక కుర్రాడిని కూర్చోబెట్టి ఆయన చెప్తుంటే కుర్రాడు ఎంటర్ చేసేట్టు పెట్టండి, అప్పు ఎవరికి ఇవ్వాలన్న నిర్ణయం ఆయనకే వదిలెయ్యండి, పేరుకి కాదు నిజంగానే. ఆరునెలల్లో ఆయనే "ఆ పార్టీ బ్యాలెన్స్ కంప్యూటర్లో చూడరా" అంటారు. నాన్నగారితో అయితే "మీ పద్ధతి పాతది" అని ఒక్కసారి కూడా అనకండి, ఆయన కట్టిన షాపులోనే మీరు నిలబడి ఉన్నారు. ఒక్క సెక్షన్ అడగండి, పిల్లల బట్టలో, పై ఫ్లోరో, ఒక షిఫ్టో, "ఇది నాకొదిలెయ్యండి, రెండు సీజన్లు చూడండి, లాస్ వస్తే మీరు చెప్పినట్టే" అని. ఇంకో ఒప్పందం కూడా ముఖ్యం, అందరి ముందు అరుపులు వద్దు అని. "కోపమొస్తే నామీద అరవండి నాన్నా, నేను వాళ్ళకి లోపల చెప్తాను." కొన్నాళ్ళు మీకు బాగా పడతాయి తిట్లు, పడండి.

ఓనర్ కాదు, మామూలు సూపర్‌వైజర్ అయితే? పైవాడు మారడు, కిందవాడు కదలడు, మధ్యలో మీరు నలిగిపోతారు. పాలసీ మీ చేతిలో లేదు సరే, మీ పదిమంది మాత్రం మీ చేతిలో ఉన్నారు. పైనుంచి వచ్చిన తిట్టుని యథాతథంగా కిందకి దించకండి, పనికొచ్చే ముక్క మాత్రం దించండి. కింద నుంచి వచ్చిన ఐడియా పైకి వెళ్ళేటప్పుడు మాత్రం వాడి పేరుతోనే పంపండి, మీ పేరుతో పంపారని తెలిసిన రోజున మీ పని అయిపోయినట్టే. పై ఆఫీసర్‌కి ఏదైనా అడగాలంటే కంప్లైంట్‌లా కాకుండా లెక్కలా తీసుకెళ్ళండి, ట్రాలీ చక్రం వల్ల రోజుకి ఎన్ని నిమిషాలు పోతున్నాయి, చక్రం ధర ఎంత, రెండూ ఒక కాగితం మీద.

కొందరు మోడర్న్ అనుకుని చేసేవి చూస్తే నవ్వొస్తుంది. బయోమెట్రిక్, మూలమూలకీ సీసీ కెమెరా, రాత్రి పదకొండింటికి గ్రూపులో "రేపటి టార్గెట్", నెలకొకసారి బెస్ట్ ఎంప్లాయీ అని ఫొటో, బర్త్‌డే కేకు. హాజరుకి మిషన్ పెట్టడం తప్పేం కాదు గానీ అది టేలర్ గారి స్టాప్‌వాచే, ప్లాస్టిక్ డబ్బాలో వచ్చింది. బెస్ట్ ఎంప్లాయీ ఫొటో అయితే ఒకడిని సంతోషపెట్టి మిగతా అందరినీ చిన్నబుచ్చుద్ది. కేకు కట్ చెయ్యండి, ఎవరొద్దన్నారు, కాకపోతే గడియ బాగుచేశాక కట్ చెయ్యండి.

మొదటి నెలలో పని బాగా పెరిగినట్టు కనిపిస్తే వెంటనే సంబరపడొద్దు. చికాగో దగ్గర హాథోర్న్ ఫ్యాక్టరీలో 1924 నుంచి 1932 దాకా ప్రయోగాలు చేశారు, లైటు పెంచినా పని పెరిగింది, తగ్గించినా పెరిగింది, ఎవరో మనల్ని పట్టించుకుంటున్నారన్న దానికే జనం అలా చేశారని చాలామంది చెప్పారు, ఆ లెక్కల మీద తర్వాత బోలెడు వాదనలు కూడా జరిగాయి. మన విషయానికొస్తే, కొత్తగా స్టూలేసుకుని కూర్చున్న చిన్నబాబుని చూసి వచ్చిన హుషారు దసరా సీజన్ రద్దీలో నిలబడిందా లేదా అన్నదే చూడాలి. అమ్మకాల అంకె ఒక్కటే చూడకండి, అది వర్షాన్ని బట్టి, పెళ్ళి ముహూర్తాలని బట్టి కూడా మారుద్ది. రిజిస్టర్‌లో కొత్త మాటలు పడుతున్నాయా, మీ దగ్గరకొచ్చే ప్రశ్నలు తగ్గాయా, చెడు వార్త మీకు ఎవరి ద్వారా, ఎంత తొందరగా తెలుస్తోంది, ఇవి చూడండి. గోడౌన్ కారుతోందని వాన పడుతుండగానే ఫోన్ వస్తే దారిలో ఉన్నట్టే. మీ మాటకి ఎదురు చెప్పి "అలా కాదు బాబూ, అది అవ్వదు" అని ఎవడైనా అందరి ముందు అంటే లోపల మండుతుంది, నిజమే, ఆ క్షణంలో "ఎందుకవ్వదు చెప్పు" అని అడిగి పూర్తిగా వినండి, మిగతావాళ్ళంతా వాడికేమవుద్దా అనే చూస్తుంటారు.

అన్నీ చేసినా కదలనివాడు ఒకడో ఇద్దరో ఉంటారు. చాలాసార్లు వాడు పని చేతకానివాడు కాదు, తప్పు చోట ఉన్నవాడు, కౌంటర్‌లో మూగవాడిలా ఉండేవాడు స్టాక్ లెక్కలో పులి అవ్వొచ్చు, ఒకసారి మార్చి చూడండి. అప్పటికీ కాకపోతే విడిగా కూర్చోబెట్టి స్పష్టంగా చెప్పి, టైమిచ్చి, పంపించెయ్యడమే, దీన్ని సాగదీస్తే బాగా చేసేవాళ్ళకి మొదట కాలుద్ది. ఆ ఒకడు మీ మేనమామ కొడుకైతే మాత్రం అసలు పరీక్ష మీదే! లేటుగా వచ్చే బంధువుని ఏమీ అనకుండా మిగతావాళ్ళకి హాఫ్ డే కట్ చేసే చోట ఏ రిజిస్టరూ పనిచెయ్యదు, నేను చూసినంతలో ఒక్కచోట కూడా పనిచెయ్యలేదు.

మంచివాళ్ళు కూడా వెళ్ళిపోతారు, సూరత్‌కో విశాఖకో హైదరాబాద్‌కో, అక్కడ డబ్బెక్కువ, ఆపలేం. వెళ్ళేవాడి జీతం ఆపడం, సర్టిఫికెట్లు దాచడం లాంటి పాత అలవాట్లు మానెయ్యండి, మిగిలినవాళ్ళు అవే గుర్తుపెట్టుకుంటారు. లెక్క సెటిల్ చేసి డబ్బు చేతిలో పెట్టాక, ముందు కాదు, అప్పుడు అడగండి, "ఇక్కడ ఏది మారుంటే ఉండేవాడివిరా" అని. ఇంక పోయేదేం లేదు కాబట్టి నిజం చెప్తాడు. వాడు చెప్పింది పేరు లేకుండా ఆ గోడమీద రిజిస్టర్‌లో మొదటి గడిలో రాసెయ్యండి, రెండో గడి నింపడానికి మీకు నెల టైముంది. వాడి ఫోన్ నంబర్ తీసిపెట్టుకోండి, రజోకో దసరాకో ఊరొస్తాడు, అప్పుడు ఒకసారి షాపుకి రమ్మని పిలవండి, పాత నిచ్చెన మార్చారా అని మొదట వాడే అడుగుతాడు.